పదహారు లావు పళ్ళు

ఫిబ్రవరి 11, ఆదివారం

ఫ్యాక్టరీలో పోయినేడాది లాగ్ బుక్కు సగం ఖాళీగా మిగిలిపోయింది. పారేస్తుంటే ఇంటికి తెచ్చుకున్నా. ప్రతి పేజీలోనూ నాలుగు గడులు అచ్చేసి ఉన్నాయి: లోపం, కారణం, చేసిన పని, సంతకం. ఇరవై రెండేళ్ళుగా కుట్టుమిషన్ల రోగాలన్నీ ఇలాంటి గడుల్లోనే రాస్తున్నా. నా గోడు నాలుగు ముక్కలు రాసుకుంటే అడిగేవాడెవడు?

ఈ పూట గోడు మా పిల్ల సైకిలు. కొండల్లో, రాళ్ళల్లో తొక్కే రకం. కొని నెలైంది. వెనక పన్నెండు పళ్ళచక్రాలు, ముందు మాత్రం ఒక్కటే ఒక్కటి. వెనక అన్ని పెట్టిన మహానుభావులకి ముందు ఇంకోటి పెట్టడానికి చేతులు రాలేదా అని కొన్నరోజే అడిగా. షాపులో మెకానిక్కు ఎప్పుడూ నున్నగా గుండు చేయించుకుని ఉంటాడు, మా పిల్ల గుండన్న అంటుంది. "ఇప్పుడన్నీ ఇంతే అక్కా, ముందు ఒక్క రింగే" అని ఊరుకున్నాడు. ఏదడిగినా ఇప్పుడన్నీ ఇంతే.

ఇవాళ పిల్ల స్నేహితురాలింటికి వెళ్తే సైకిలు కడుగుదామని కూర్చున్నా. ముందు రింగు విప్పి తుడుస్తుంటే కళ్ళు తిరిగాయి. ఒక పన్ను లావు, పక్కది సన్నం. మళ్ళీ లావు, మళ్ళీ సన్నం. వెర్నియర్ కొలబద్ద పెట్టి కొలిచా. ముప్పై రెండు పళ్ళలో పదహారు లావు. కొత్త సైకిలండీ! దీన్ని చేసినవాడు ఏ లోకంలో ఉండి చేశాడో, షాపులో బిగించినవాడు కళ్ళెక్కడ పెట్టుకుని బిగించాడో. మా ఫ్యాక్టరీలో నీడిల్ ప్లేటు మీద వెంట్రుకంత గరుకుంటేనే నేను లైను ఆపేయిస్తా.

నా దగ్గర సన్న ఆకురాయి ఉంది. మధ్యాహ్నమంతా కూర్చుని పదహారు పళ్ళనీ పక్కలు అరగదీసి, సన్నవాటితో సమానం చేశా. చివర నూనె గుడ్డ పెట్టి రుద్దితే అద్దంలా తేలింది. మళ్ళీ కొలిస్తే ముప్పై రెండూ ఒక్క కొలత. ఆ చక్రం వంక చూస్తూ కాసేపు కూర్చున్నా కూడా.

లోపం: పళ్ళు ఎగుడుదిగుడు. కారణం: చేసినవాడి నిర్లక్ష్యం, బిగించినవాడి గుడ్డితనం. చేసిన పని: సరిచేశాను. సంతకం: ఇంకెవరిది, నాదే.

ఫిబ్రవరి 12

పిల్లకి చెప్పలేదు. చెబితే "అమ్మా, నా సైకిల్ ముట్టుకోకని ఎన్నిసార్లు చెప్పాలి" అని మొదలుపెడుతుంది. మేలు చేసి తిట్లు తినే ఓపిక నాకు లేదు.

ఫిబ్రవరి 18, ఆదివారం

పిల్ల పొద్దున్నే తొక్కడానికెళ్ళి మోకాళ్ళ దాకా మట్టితో వచ్చింది. దిగుడులో చైను ఊడిందట. "ఇంతవరకూ ఒక్కసారి కూడా ఊడలేదమ్మా" అంటుంది.

"ఇంతవరకూ నువ్వు ఇంత వేగంగా తొక్కావా మరి?" అన్నా. ఆలోచించి, నిజమే అంది.

వచ్చేవారం నుంచి పోటీలు. మొత్తం మూడు. మూడింటి పాయింట్లూ కలిపి పైనుంచి ఆరుగురిని జట్టులోకి తీసుకుంటారు. మా పిల్ల వయసుకి ఇదే ఆఖరి ఏడాది, వచ్చే ఏడు పెద్దవాళ్ళలో పడుతుంది, అక్కడ దీన్ని పట్టించుకునే నాథుడుండడు. వాళ్ళ కోచ్ లెక్క ప్రకారం దీనికి నాలుగో స్థానం ఖాయం. ఆయన అంత తేలిగ్గా ఎవర్నీ మెచ్చుకోడు, మా మేనేజరు లాంటివాడు.

ఫిబ్రవరి 25, ఆదివారం

పంతొమ్మిదో స్థానం. రెండుసార్లు ఊడింది చైను. రెండుసార్లూ దిగి, నల్లటి చేతులతో ఎక్కించుకుని, మళ్ళీ తొక్కింది. నేను తాడు ఇవతల నిలబడి గొంతు పోయేలా అరిచా. ఏం అరిచానో నాకే తెలీదు.

వచ్చేటప్పుడు బస్సులో దాన్ని ఏమీ అనలేదు. "రాళ్ళు రాగానే కాళ్ళు ఆపేసి బొమ్మలా నిలబడతావు, చైను వదులై ఊడిపోతుంది, తొక్కుతూనే ఉండాలి" అని మాత్రం అన్నా. కోప్పడలేదు. మామూలుగానే చెప్పా. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. స్కూలు బస్సు నడిపే మనిషి, ఇంకొకడు నడిపే బస్సెక్కితే నోట్లో నాలుకుండదు.

ఫిబ్రవరి 26

హాఫ్‌డే సెలవడిగి మరీ షాపుకెళ్ళా. పిల్ల సైకిలు తోసుకుంటూ నా వెనకాలే వచ్చింది, గుమ్మం బయటే నిలబడింది.

"ఏమయ్యా, నెలకే చైను ఊడిపోయే సైకిలు అంటగడతావా మాకు?" అన్నా. షాపులో నలుగురున్నారు. ఉంటే ఉన్నారు.

గుండు స్పానర్ పక్కన పెట్టి బయటికొచ్చాడు. కింద కూర్చుని పెడల్ తిప్పాడు. ముందు రింగు మీద వేలు పెట్టి ఒక్కో పన్నూ తడిమాడు. తల ఎత్తి నా వంక చూశాడు.

"అక్కా, దీని పళ్ళు..."

"పళ్ళ సంగతి నువ్వు నాకు చెప్పొద్దు! చైనూ పళ్ళూ నాకు నువ్వు పుట్టకముందు నుంచీ తెలుసు."

"అది కాదక్కా, దీన్ని ఎవరైనా..."

"ఎవరైనా ఏంటి? బిగించింది నువ్వు, ఎవరి మీదకి తోస్తావు?"

"అక్కా, ఒక్క మాట..."

"నీ మాటలు చాల్లే" అని ఓనర్ దగ్గరికెళ్ళి కూర్చున్నా. మొత్తం చెప్పా. నేను ఏ ఫ్యాక్టరీలో ఏ పని చేస్తానో, నా కింద ఎన్ని మిషన్లున్నాయో కూడా చెప్పా. ఓనర్ ముందు టీ తెప్పించాడు, తర్వాత గుండుని పిలిచి అందరి ముందూ నాలుగు చివాట్లు పెట్టాడు. గుండు బయట నిలబడ్డ మా పిల్ల వంక చూశాడు, నా వంక చూశాడు, నోరు మూసుకున్నాడు. తప్పు చేసినవాడి మొహం నాకు తెలుసు. రోజూ చూస్తాను.

ఇంటికొచ్చే దారిలో పిల్లకి చెప్పేశా, మళ్ళీ ఆ షాపు గుమ్మం తొక్కితే ఊరుకోనని.

మార్చి 2, శనివారం

చైను రెండు లింకులు కత్తిరించి బిగువు చేశా. పనికిరాని ఓవర్‌లాక్ మిషన్ నుంచి ఒక రేకు ముక్క తెచ్చి, వంచి, రింగు పైన కాపలా పెట్టా. చైను పైకి లేస్తే అది ఆపాలి. మా స్టోర్ కీపర్ చూసి "మీరు సైకిళ్ళ కంపెనీ పెట్టాలమ్మా" అన్నాడు. పెడతా.

పిల్ల రెండ్రోజుల్నుంచీ ముభావంగా ఉంది. కారణం ఇవాళ తెలిసింది. గుండుని రిపేర్ల దగ్గర నుంచి తప్పించేసి, బయట టైర్లకి గాలి కొట్టే చోట కూర్చోబెట్టారట.

"రాళ్ళ మీద ఎలా తొక్కాలో నాకు నేర్పింది ఆయనేనమ్మా. నీవల్ల ఇప్పుడు పంపు పట్టుకుని కూర్చున్నాడు."

"నావల్ల కాదు, ఆయన పనివల్ల" అన్నా.

పళ్ళెం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది.

మార్చి 10, ఆదివారం

దిగుడు అయిపోయి ఎక్కుడు మొదలయ్యే మలుపులో, పెడళ్ళ మీద నిలబడి బలంగా తొక్కబోయింది. అప్పుడు ఊడింది. కాలు గాల్లోకి పోయింది, గడ్డం వెళ్ళి హ్యాండిల్‌కి కొట్టుకుంది. నా రేకు ముక్క నూటికి నూరుపాళ్ళూ ఉన్నచోటే ఉంది, చైను దాని పక్కనుంచి దర్జాగా జారిపోయింది.

గడ్డానికి నాలుగు కుట్లు. ఎడమ మణికట్టు బెణికింది. ఆ చేత్తోనే సైకిలు తోసుకుంటూ గీత దాటింది. ముప్పై ఒకటో స్థానం. వెనకాల ఇద్దరే ఉన్నారు.

మార్చి 11

కుట్లు మరీ దూరం దూరంగా వేశాడు డాక్టరు. నేనైతే ఇంకా నీటుగా వేసేదాన్ని.

ఇది రాసిన చెయ్యి విరగ్గొట్టాలి.

మార్చి 13

పిల్ల నా పక్కన పడుకుని పైకప్పు చూస్తూ అంది: "నువ్వు చెప్పింది నిజమేనమ్మా. నేను కాళ్ళు ఆపేస్తున్నాను. ఆపకూడదని ఎంత అనుకున్నా రాళ్ళు చూడగానే ఆగిపోతున్నాయేమో. నాకే తెలియట్లేదు."

"పర్లేదు, నేర్చుకుంటావులే" అన్నా.

మార్చి 16, శనివారం

ఊరికి అటు చివర ఇంకో సైకిళ్ళ షాపుంది, బస్సులో గంట. కొత్త రింగు వేసి చూద్దాం, పాతదాని లోహంలోనే ఏదో లోపం ఉందేమోనని వెళ్ళా. నాకు తెలిసినంతలో అన్నీ సరిచేశాను, ఇక మిగిలింది లోహమే.

కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మా పిల్లకన్నా రెండేళ్ళు పెద్దదేమో. రింగు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒక పన్ను లావు, ఒక పన్ను సన్నం.

"ఇది కూడా ఇలాగే ఉందేంటమ్మా? మంచిది చూసి తీసుకురా" అన్నా.

నవ్వింది. "కావాలనే ఆంటీ. చైను చూడండి." ఒక చైను ముక్క చేతిలో పెట్టింది. "ఒక లింకు మధ్య ఖాళీ వెడల్పు, దాని పక్కది ఇరుకు. లావు పన్ను వెడల్పు ఖాళీలో కూర్చుంటుంది, సన్న పన్ను ఇరుకుదాన్లో. రెండూ నిండుగా పట్టుకుంటాయి కాబట్టి రాళ్ళ మీద ఎగిరినా చైను పక్కకి కదలదు. ముందు ఒక్క రింగే ఉన్నప్పుడు చైనుని పట్టి ఉంచేవి ముఖ్యంగా ఈ లావు పళ్ళే."

చైను ముక్క రింగు మీద పెట్టి చూశా. ప్రతి ఖాళీ నిండిపోయింది.

"లావు పళ్ళు... అరిగిపోతే?" అని అడిగా. అరగదీస్తే అని అడగడానికి నోరు రాలేదు.

"అలా అరగాలంటే ఏళ్ళు పడుతుంది ఆంటీ. అరిగితే మాత్రం ఊడిపోతూనే ఉంటుంది. చాలా ప్రమాదం కూడా, లేచి తొక్కేటప్పుడు ఊడితే మొహం పగులుతుంది."

రింగూ, ఒక కొత్త చైనూ తీసుకుని బయటికొచ్చి, వచ్చిన బస్సు వదిలేసి, దాని తర్వాతది కూడా వదిలేశా.

మార్చి 17

లోపం: చైను ఊడుట.

కారణం:

మార్చి 18

తెల్లారి ఐదింటికి లేచి కొత్త రింగు బిగించా, కొత్త చైను వేశా. రేకు ముక్క పీకేశా. పాత రింగు గుడ్డలో చుట్టి నా పనిముట్ల పెట్టెలో అడుగున పెట్టా.

పిల్లకి ఇప్పుడే చెప్పకూడదు. ఆదివారం ఆఖరి పోటీ. ఇలాంటప్పుడు పిల్ల మనసు చెడగొట్టే తల్లి ఉంటుందా? పోటీ అయ్యాక నిదానంగా చెబుతా. ఇది దాని మంచికే. పూర్తిగా దాని మంచికే.

మార్చి 24, ఆదివారం

ఊడలేదు! ఒక్కసారి కూడా ఊడలేదు. కట్టు కట్టిన చేత్తో, గడ్డం మీద ప్లాస్టరుతో, రెండో స్థానం. కోచ్ చప్పట్లు కొట్టాడు. ఆ మనిషి చేతులు కలవగా నేను చూడ్డం ఇదే మొదలు.

తర్వాత పాయింట్లు కూడారు. ఏడో స్థానం. జట్టులోకి ఆరుగురు. రెండంటే రెండు పాయింట్లు తక్కువ. మొదటి పోటీలో చైను ఒక్కసారి తక్కువ ఊడినా చాలు, వచ్చేసేవి.

మా పిల్ల ఏడవలేదు. అందరికీ చెప్పింది, "మా అమ్మే రిపేర్ చేసింది, అందుకే ఇవాళ ఊడలేదు" అని. మా ఆయన పక్కవాళ్ళతో "మా ఆవిడ చెయ్యి పడితే అంతే" అన్నాడు. ఇరవై ఏళ్ళలో ఆయన నన్ను పదిమందిలో పొగడటం ఇదే మొదటిసారి. ఎవరో వచ్చి నాతో చెయ్యి కలిపారు. నేను నవ్వుతూ నిలబడ్డా.

మార్చి 25

చెప్పలేదు. ఫ్యాక్టరీలో పని ఎక్కువ.

మార్చి 26

ఇవాళ కూడా పని ఎక్కువ.

మార్చి 27

పదహారో నంబర్ మిషన్ మీద కొత్తగా చేరిన అమ్మాయి సూదీ హుక్కూ కలిసే టైమింగు తనే సరిచేద్దామని మొత్తం చెడగొట్టింది. "తెలియని పనిలో ఎందుకు వేలు పెట్టావు?" అని లైను అదిరిపోయేలా అరిచా. అరుస్తుంటే నా గొంతు నాకే వినబడింది. ఆపి, మంచినీళ్ళు తాగి వచ్చా. ఆ అమ్మాయి ఇంకా మిషన్‌కి దూరంగానే నిలబడి ఉంది.

ఆదివారం చెబుతా.

మార్చి 31, ఆదివారం

పొద్దున్న పిల్ల సైకిలు తుడిచి, హాల్లో గోడకి ఆనించి ఫోన్‌లో ఫోటోలు తీస్తోంది. ఎందుకే అంటే, అమ్మేస్తుందట. తన క్లాసు అమ్మాయి తీసుకుంటానందట, సాయంత్రం చూడ్డానికి వస్తుందట.

"ఇక తొక్కవా?"

"తొక్కనమ్మా. ఆఖరి రోజు ఏదో అదృష్టం కొద్దీ కుదిరింది. మిగతా రెండుసార్లూ నేనే పాడుచేసుకున్నా కదా. నా కాళ్ళకి ఇది రాదు. రానిదాని వెంట ఎన్నాళ్ళు పడతాను?"

ఏడుపు లేదు దాని గొంతులో. అదే నా ప్రాణం తీసింది. నా మాటనే నాకు అప్పజెబుతోంది, ఒక్క అక్షరం పొల్లు పోకుండా.

పనిముట్ల పెట్టె తెచ్చి, గుడ్డ విప్పి, పాత రింగు బల్ల మీద పెట్టా. దాని పక్కన పాత చైను ముక్క. మా ఆయన పేపరు దించాడు.

మొత్తం చెప్పా. లావు పన్ను ఎందుకు, సన్న పన్ను ఎందుకు, ఫిబ్రవరి పదకొండో తారీఖు మధ్యాహ్నం నేనేం చేశాను. షాపులో గుండు మూడుసార్లు నోరు తెరిచాడు, మూడుసార్లూ నేనే మూయించాను. "నీ కాళ్ళు ఎక్కడా ఆగలేదే. ఆగాయని నేను అన్నానంతే. కారణం ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి అన్నా" అని కూడా చెప్పా.

పిల్ల గడ్డం మీద కుట్ల మచ్చ తడుముకుంది. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"పదహారో తారీఖున."

"అంటే పోటీ రోజు అందరూ నిన్ను మెచ్చుకుంటుంటే..."

"ఆ. తెలిసే నిలబడ్డా."

లేచి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. మా ఆయన కాసేపు రింగు వంక చూసి, "ఆకురాయి ఎక్కడుంది?" అన్నాడు. ఇచ్చా. తీసుకెళ్ళి తన బస్సు టూల్ బాక్సులో పెట్టి తాళం వేసి వచ్చాడు. మహానుభావుడు.

సాయంత్రం ఆ క్లాసు అమ్మాయి వచ్చింది. మా పిల్ల గదిలోంచే కేకేసింది, అమ్మట్లేదని.

ఏప్రిల్ 2

మాట్లాడట్లేదు.

ఏప్రిల్ 4

మాట్లాడట్లేదు. సైకిలుకి ఒక కాగితం కట్టింది: "అమ్మ ముట్టుకోకూడదు." అక్షరాలు పెద్దవి, ఎర్ర స్కెచ్ పెన్ను. తడి గుడ్డతో సీటు తుడవబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నా.

ఏప్రిల్ 5

మాట్లాడింది. టూత్‌బ్రష్ నోట్లో పెట్టుకునే అంది, "గుండన్నకి ఎవరు చెబుతారు?"

ఏప్రిల్ 6, శనివారం

వెళ్ళాం. పిల్ల నా వెనకాలే.

గుండు షాపు బయట స్టూలు మీద కూర్చుని ఎవరిదో టైరుకి గాలి కొడుతున్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు, మళ్ళీ ఏం కొంప మునిగిందో అన్నట్టు. లోపలికి రమ్మని, ఓనర్ ముందు, కొనడానికొచ్చిన ముగ్గురి ముందు, గుడ్డ విప్పి రింగు పెట్టా.

"తప్పు ఈయనది కాదు. పళ్ళు అరగదీసింది నేను. చెప్పబోతే చెప్పనివ్వనిదీ నేనే. ఆ రోజు ఇక్కడే అరిచాను కాబట్టి ఇక్కడే చెబుతున్నా."

ఓనర్ నవ్వేశాడు. "పోనీండి మేడమ్, ఇలాంటివి జరుగుతుంటాయి. టీ తాగుతారా?"

"టీ వద్దు. ఈయన్ని మళ్ళీ రిపేర్ల దగ్గర ఎప్పుడు కూర్చోబెడతారు?"

"చూద్దాం మేడమ్."

"చూడండి. నేనిక్కడే ఉంటా" అని కొత్త సైకిళ్ళ మధ్య, దారికి అడ్డంగా ఉన్న కుర్చీలో కూర్చున్నా. అరగంట పట్టింది. సోమవారం నుంచి అన్నాడు. మా పిల్ల సోమవారం వచ్చి చూస్తానంది. అది నా కూతురే, అనుమానం లేదు.

బయటికొచ్చాక గుండుని అడిగా, కనీసం పిల్లకైనా ఎందుకు చెప్పలేదని.

"పాప మళ్ళీ రాలేదు కదక్కా. ఆ రోజేమో పాప ముందే మీ అమ్మ పాడుచేసిందని ఎలా అనను?" అన్నాడు.

క్షమించమని అడిగా. "అయ్యో, పెద్దవారు" అంటూ ఇబ్బంది పడిపోయాడు. ఏం చెయ్యాలో తోచక నా చేతిలోంచి రింగు తీసుకున్నాడు. వెలుతురుకి ఎత్తి పట్టాడు. బొటనవేలితో ఒక్కో పన్నూ నెమ్మదిగా తడిమాడు, మొత్తం చుట్టూ.

"ఇది మిషన్ మీద పెట్టారా అక్కా?"

"లేదు. ఆకురాయితో. చేత్తోనే."

"చేత్తోనా?" ఇంకోసారి తిప్పి చూశాడు. "పదహారూ ఒక్క కొలతలో ఉన్నాయి. పిసరంత తేడా లేదు. ఇలా నాకు రాదక్కా."

వెటకారమేమోనని మొహంలోకి చూశా. కాదు. నిజంగానే అంటున్నాడు.

వెనక్కి తిరిగితే మా పిల్ల నా మొహమే చూస్తోంది, గడ్డం మీద మచ్చ ఎండలో తళతళలాడుతూ.

"అమ్మా, నవ్వుతున్నావా?" అంది.

లేదని చెప్పా.